చారిటీ స్టెయిర్ రేసులు: కట్టిన డబ్బుకు దక్కేదేంటి?

చారిటీ స్టెయిర్ రేసు అంటే విరాళాలు పోగు చేస్తూ ఎత్తైన భవనం మెట్లెక్కే పోటీ. దాని పోస్టర్ మీద ఎప్పుడూ టవరే ఉంటుంది, అదీ బయటి నుంచి తీసిన ఫొటో. పోటీ రోజున ఆ అందం కనిపించేది రోడ్డు దాటి లాబీలోకి అడుగు పెట్టేంత వరకే. ఆ తర్వాతంతా కిటికీల్లేని ఫైర్ ఎగ్జిట్ మెట్లు, బోడి గోడలు, ట్యూబ్‌లైట్లు, ముందున్నవాళ్ల రొప్పు. మనం డబ్బు కట్టేది ఈ మెట్లకే. రిజిస్ట్రేషన్ పేజీలో మాత్రం వీటి గురించి రెండు ముక్కలు కూడా దొరకవు. అందుకే ఈ రివ్యూలో పైనుంచి కనిపించే దృశ్యానికి మార్కుల్లేవు. మెట్టు ఎత్తు, మలుపులు, రెయిలింగ్, జనాన్ని వదిలే తీరు, గాలి, నీళ్లు, ఎక్కినవాళ్లని కిందికి దించే ఏర్పాటు, వీటినే చూశాం.

ముందు డబ్బు సంగతి

చాలా చారిటీ రేసుల్లో ఖర్చు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి రిజిస్ట్రేషన్ ఫీజు, రెండోది కనీస విరాళాల మొత్తం. ఫీజు మన జేబులోంచి పోతుంది, విరాళం నలుగురినీ అడిగి పోగు చేయాలి. తేడా కొట్టేది ఈ రెండో ముక్క దగ్గరే. గడువు రేసు ముందు రోజా, తర్వాత కొన్ని వారాలా? లక్ష్యం చేరకపోతే మెట్లెక్కనివ్వరా, లేక తక్కువ పడిన మొత్తం మన కార్డు మీద వేస్తారా? టీమ్‌గా వెళ్తే లెక్క మనిషికా, టీమ్ మొత్తానికా? ఈ మూడూ నిబంధనల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫీజు వెనక్కి రాదన్నది దాదాపు అన్నిచోట్లా ఉండే షరతే కాబట్టి, కాలికి దెబ్బ తగిలితే వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చో లేదో కూడా అడిగి పెట్టుకోవాలి.

డబ్బు ఎవరికి చేరుతుందో స్పష్టంగా చెప్పే రేసులకే మా ఓటు. సియాటిల్ కొలంబియా సెంటర్‌లో జరిగే బిగ్ క్లైంబ్ రేసు డబ్బు రక్త క్యాన్సర్లపై పనిచేసే లుకేమియా అండ్ లింఫోమా సొసైటీకి (2025 నుంచి దాని పేరు బ్లడ్ క్యాన్సర్ యునైటెడ్) వెళ్తుంది. షికాగోలో ఒకప్పటి జాన్ హాన్‌కాక్ సెంటర్ ఎక్కించే హజిల్ షికాగో రేసు, రెస్పిరేటరీ హెల్త్ అసోసియేషన్ అనే ఊపిరితిత్తుల సంస్థది. లండన్ టవర్ 42లో వర్టికల్ రష్ నిర్వహించింది ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసే షెల్టర్ అనే సంస్థ. టొరంటో సీఎన్ టవర్ మెట్లు వన్యప్రాణుల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కెనడా కోసం ఎక్కుతారు. అమెరికన్ లంగ్ అసోసియేషన్ అయితే ఫైట్ ఫర్ ఎయిర్ క్లైంబ్ పేరుతో ఎన్నో నగరాల్లో జరుపుతోంది. ఊపిరితిత్తుల సంస్థ మనిషికి ఊపిరాడని పనే ఎంచుకోవడంలో ఒక అర్థముంది: ఎక్కినవాడికి ఆయాసమంటే ఏమిటో పది నిమిషాల్లో తెలిసొస్తుంది.

విరాళాలు అడిగేవాళ్లకు ఒక చిన్న మాట. "మెట్టుకు ఇంత" అని అడగడం వినడానికి సరదాగానే ఉంటుంది. ఇచ్చేవాళ్లు దాన్ని బిగ్ క్లైంబ్‌లోని 1,311 మెట్లతో గుణించి చూసుకోరు, చివర్లో లెక్క చెబితే మొహం మాడ్చుకుంటారు. మొత్తం ఎంతవుతుందో మొదటే చెప్పేస్తే మేలు.

అంతస్తుల లెక్క నమ్మొద్దు

"69 అంతస్తులు", "94 అంతస్తులు" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. కాళ్లకు అంతస్తుల సంగతి తెలీదు, మెట్లూ మీటర్లే తెలుసు. లండన్ టవర్ 42లో 42 అంతస్తులకు 932 మెట్లు, అంటే అంతస్తుకు 22. హజిల్ షికాగోలో 94 అంతస్తులకు 1,632, అంటే 17 చిల్లర. అంతస్తులు చూస్తే రెండోది రెండింతలకు మించి ఉంది, మెట్లు చూస్తే మాత్రం ముప్పావు వంతే ఎక్కువ. మొదటి రేసును అంతస్తుల సంఖ్యతో ఎంచుకున్నవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పైగా లాబీ, యంత్రాలుండే మెకానికల్ అంతస్తులు మామూలు వాటికంటే ఎత్తుగా కట్టడం వల్ల, కింద మొదటి రెండు మూడు అంతస్తులే ఎప్పటికీ తరగనట్టు అనిపిస్తాయి.

తర్వాత చూడాల్సింది మెట్టు ఎత్తు. ఇది ఎవరూ ఇవ్వరు, మనమే తీయాలి: ఎక్కే మొత్తం ఎత్తును మెట్లతో భాగించడమే. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మెట్ల పోటీ అయిన రన్-అప్‌లో 86వ అంతస్తు దాకా 1,576 మెట్లు, సుమారు 320 మీటర్లు. మెట్టుకు 20 సెంటీమీటర్ల పైచిలుకు. బిగ్ క్లైంబ్‌లో 1,311 మెట్లకు 788 అడుగులు, అంటే 240 మీటర్లు. మెట్టుకు 18 చిల్లర. రెండు సెంటీమీటర్లే కదా అని తీసిపారేయకూడదు. రెండేసి మెట్లు ఎక్కేవాళ్లకి అది నాలుగు సెంటీమీటర్లవుతుంది, ప్రతి అడుగుకీ మోకాలు అంత ఎక్కువ మడవాలి. పొట్టివాళ్లు 18 సెంటీమీటర్ల మెట్లను జంటగా ఎక్కి, 20 దగ్గర ఒక్కొక్కటిగా మారిపోవడం మామూలే. సాధన చేసే భవనంలో టేపు పెట్టి ఒక మెట్టు కొలిస్తే ఈ తేడా ముందే తెలుస్తుంది.

పని ఎంతో కూడా తేలిగ్గానే లెక్కేయొచ్చు. 70 కిలోల మనిషి 240 మీటర్లు ఎక్కడానికి, కేవలం బరువు పైకి మోయడానికే, సుమారు 165 కిలోజౌళ్లు కావాలి. 20 నిమిషాల్లో ఎక్కితే సగటున 137 వాట్లు, 12 నిమిషాల్లో అయితే దాదాపు 229. జిమ్ సైకిల్ మీద వాట్లు చూసుకునే అలవాటున్నవాళ్లు ఈ అంకె దగ్గర పెట్టుకుంటే తమ టైమ్ ఎంత ఉండొచ్చో ముందే ఊహించుకోవచ్చు. ఈ లెక్కలో రెయిలింగ్ లాగే చేతుల శ్రమ, మలుపుల్లో పోయే శక్తి లేవు. కాబట్టి అసలు ఖర్చు ఇంతకంటే ఎక్కువే.

మలుపులు, రెయిలింగ్: రేసు ఇక్కడే పోతుంది

ఎత్తైన భవనాల్లో ఫైర్ మెట్లు ఎక్కువగా ఒక వరుస ఎక్కి, ల్యాండింగ్ (రెండు వరుసల మధ్య చదునైన చోటు) మీద వెనక్కి తిరిగి, ఇంకో వరుస ఎక్కేలా ఉంటాయి. అంటే అంతస్తుకు రెండు మలుపులు. 86 అంతస్తులకు 172. ఒక్కో మలుపులో అర సెకను వృథా చేసినా చివరికి 86 సెకన్లు పోయాయి. బలం పెంచి అన్ని సెకన్లు తగ్గించాలంటే నెలలు పడుతుంది. మలుపు తిరగడం ఒక వారంలో పట్టుబడుతుంది.

మెట్లు ఎడమకు తిరుగుతున్నాయనుకుందాం. లోపలి రెయిలింగ్ ఎడమ పక్కన ఉంటుంది. వరుసలో ఇంకా రెండు మూడు మెట్లు ఉండగానే ఎడమ చేయి ముందుకు చాచి రెయిలింగ్ వంపుకు కాస్త ముందు పట్టుకోవాలి. ఆ చేతిని ఇరుసు చేసుకుని ఒళ్లు తిప్పాలి. కుడి కాలు ల్యాండింగ్ మీద, ఎడమ కాలు కొత్త వరుస మొదటి లేక రెండో మెట్టు మీద. కొత్తవాళ్లు ల్యాండింగ్ మీద మూడు నాలుగు అడుగులు వేస్తూ గోడ దాకా వెళ్లి చుట్టి వస్తారు. ఆ గోడ పక్క దారి నడకకి బాగుంటుంది, పోటీకి పనికిరాదు.

వరుసకు ఎన్ని మెట్లున్నాయో తెలిస్తే సగం గెలిచినట్టే. సరి సంఖ్య అయితే రెండేసి ఎక్కేవాళ్లకి హాయి: పది మెట్లు, ఐదు అడుగులు. పదకొండు ఉంటే ఐదు జంటలు పోను ఒకటి మిగులుతుంది. ఆ ఒంటి మెట్టును వరుస మొదట్లో తీసుకోవాలా, చివర్లోనా అన్నది ముందే తేల్చుకోకపోతే ప్రతి ల్యాండింగ్ దగ్గరా కాలు తడబడుతుంది. చివర్లో తీసుకోవడమే మేలు. ఆ చిన్న అడుగు మలుపు తిరగడానికి ఒంటిని సిద్ధం చేస్తుంది. కొన్ని భవనాల్లో కింది అంతస్తుల్లో ఒక లెక్క, పైన ఇంకో లెక్క ఉంటుంది. మంచి నిర్వాహకులు అంతస్తువారీ మెట్ల పట్టిక ముందే పంపుతారు. ఇలాంటి పట్టిక ఇచ్చే రేసుకు మేం కళ్లు మూసుకుని ఒక మార్కు ఎక్కువ వేస్తాం.

రెయిలింగ్ విషయానికొస్తే, గుండ్రటి పైపు అయితే పిడికిలి బిగుస్తుంది, లాగొచ్చు. వెడల్పాటి బల్లపరుపు రెయిలింగ్ మీద చేయి ఆనించడం తప్ప లాగడం కుదరదు. మెట్ల దారి సన్నగా ఉండి రెండు పక్కలా రెయిలింగ్ ఉంటే చేతులు రెండూ వాడొచ్చు, తొడల మీద భారం బాగా తగ్గుతుంది. పెయింట్ వేసిన పైపు, వందల మంది చెమట, ఈ రెండూ కలిస్తే మధ్యాహ్నం బ్యాచ్‌కి అది సబ్బు ముక్కే. చేతి తొడుగుల గురించి కింద చెప్పింది అందుకే.

కొన్ని టవర్లలో ఒకే మెట్ల దారి పైదాకా ఉండదు. మధ్యలో ఒక అంతస్తులో బయటికొచ్చి కారిడార్ దాటి ఇంకో మెట్ల దారిలోకి వెళ్లాలి. చదునైన నేల కనిపించగానే పరుగు లంకించుకోవడం పెద్ద పొరపాటు. ఆ ఇరవై ముప్పై అడుగుల్లో మిగిలేది రెండు సెకన్లు, పోయేది ఆ తర్వాత ఐదు అంతస్తుల ఊపిరి. గబగబా నడుస్తూ, చేతులు దులుపుకుంటూ, గాలి పూర్తిగా వదిలేయడం ఉత్తమం. కొత్త మెట్లు అవతలి పక్కకు తిరగొచ్చు కూడా. అంతదాకా ఎడమ చేత్తో లాగినవాళ్లు ఒక్కసారిగా కుడికి మారాలి.

జనాన్ని వదిలే తీరు

నిర్వహణ ఎంత మంచిదో తెలిసేది స్టార్ట్ దగ్గర. ఎంపైర్ స్టేట్‌లో లాబీలో గుంపుగా బయల్దేరి మెట్ల తలుపు కోసం తోసుకుంటూ వెళ్లడం పేరుమోసిన తంతు. చారిటీ రేసుల్లో అలా కాదు, కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కరినే వదులుతారు. ఎవరి టైమ్ వాళ్లకి విడిగా చిప్ లెక్కిస్తుంది కాబట్టి ముందు వెళ్లినా వెనక వెళ్లినా ఒకటే.

తేడా ఎన్ని సెకన్లన్నది కీలకం. పది సెకన్లకు ఒకరు చొప్పున వదిలితే గంటకు 360 మంది. రెండు వేల మంది ఉంటే ఐదున్నర గంటలు పడుతుంది. అంతసేపు భవనం దొరకదు కాబట్టి తేడా మూడు సెకన్లకు దిగుతుంది. అప్పుడేమవుతుందో చూడండి. ముందున్నవారు అంతస్తుకు 17 సెకన్లు, వెనకవారు 16 సెకన్లు తీసుకుంటారనుకుందాం. పది సెకన్ల తేడాతో వదిలితే వెనకవారు పదో అంతస్తులో అందుకుంటారు. మూడు సెకన్లయితే మూడో అంతస్తులోనే. ఇక 20 సెకన్ల మనిషి వెనక 12 సెకన్ల మనిషిని పెడితే పది సెకన్ల తేడా ఉన్నా రెండో అంతస్తు దాటకముందే వీపు తగులుతుంది. కాబట్టి తేడా ఎంతున్నా, వేగాన్ని బట్టి వరుస పెట్టకపోతే మెట్లు జామ్ అవుతాయి. రిజిస్ట్రేషన్‌లో "అంచనా టైమ్" అడుగుతున్నారంటే ఈ సంగతి తెలిసినవాళ్లు నడుపుతున్నట్టు. ఆ గడిలో గొప్పకు పోయి తక్కువ టైమ్ రాసేవాళ్ల వల్లే సగం గొడవ. వెనకనుంచి వరసగా దాటేస్తుంటే పక్కకు తప్పుకోవడానికే ఊపిరంతా పోతుంది.

దాటే పద్ధతి చిన్నదే: వెనక నుంచి "సైడ్" అని ఒక్కమాట, ముందున్నవారు గోడ వైపు జరగడం. లోపలి రెయిలింగ్ వేగంగా వచ్చేవాళ్లది. ల్యాండింగ్ మీద దాటడం తేలిక, వరుస మధ్యలో దాటాలంటే రెండు మూడు మెట్లు ఊపిరి బిగబట్టాలి. ముగ్గురు స్నేహితులు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ ఎక్కే దృశ్యం ప్రతి రేసులోనూ ఉంటుంది. వాళ్లని ఏమీ అనలేం, విరాళం బహుశా వాళ్లే ఎక్కువ తెచ్చి ఉంటారు.

ఆరంభ శూరత్వానికి మందు

ఈ పోటీలో ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే, మొదటి పది అంతస్తులు పరుగెత్తడం. అప్పుడు ఏమీ అనిపించదు కూడా. గుండె, ఊపిరితిత్తులు పూర్తి వేగం అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతదాకా కండరాలు అప్పు మీద నడుస్తాయి. పదిహేను, ఇరవై అంతస్తుల మధ్య ఆ అప్పు వడ్డీతో సహా వసూలవుతుంది: తొడలు మండుతాయి, నోరు ఎండుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఇక అక్కణ్నుంచి ముందుంది ముసళ్ల పండగ.

దీనికి మందు అంకెలే. బిగ్ క్లైంబ్ 69 అంతస్తులను 20 నిమిషాల్లో ఎక్కాలనుకుంటే అంతస్తుకు 17.4 సెకన్లు, నిమిషానికి సుమారు 66 మెట్లు. పదో అంతస్తు బోర్డు 2 నిమిషాల 54 సెకన్ల దగ్గర కనిపించాలి. 2:20కే కనిపించిందంటే సంబరపడకూడదు, వెంటనే తగ్గాలి. మూడు నిమిషాలు దాటినా కంగారు లేదు, కింది అంతస్తులు ఎత్తెక్కువని పైన అనుకున్నాం కదా. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్‌టిక్ కొట్టే యాప్) 66 దగ్గర పెట్టి సాధనలో అలవాటు చేసుకుంటే, రేసు రోజున చెవిలో ఆ చప్పుడు లేకున్నా కాలికి లయ గుర్తుంటుంది.

పై స్థాయి ఎలా ఉంటుందో తెలియాలంటే, ఎంపైర్ స్టేట్‌లో ఆస్ట్రేలియాకు చెందిన పాల్ క్రేక్ 2003లో పెట్టిన రికార్డు 9 నిమిషాల 33 సెకన్లు. అంటే సెకనుకు 2.75 మెట్లు. మహిళల్లో ఆస్ట్రియాకు చెందిన ఆండ్రియా మైర్ 2006లో 11 నిమిషాల 23 సెకన్లలో ఎక్కారు. ఆ అంకెలు చూసి ముచ్చటపడాలి, అనుకరించకూడదు.

ఒక్కో మెట్టా, రెండేసా? పోటీగా ఎక్కేవాళ్లలో ఎక్కువమంది రెండేసి ఎక్కుతారు, చేతులతో రెయిలింగ్ లాగుతూ. అడుగులు తగ్గుతాయి, పిరుదుల బలం బాగా వాడుకోవచ్చు. కానీ ఒక్కో అడుగుకూ కావాల్సిన తోపు ఎక్కువ, అలసిన తొడలకు అదే గుదిబండ. సాధనలో ఇరవై అంతస్తులు రెండేసి ఎక్కి, ఇంకో రోజు అదే టైమ్‌లో ఒక్కొక్కటి ఎక్కి, గుండె వేగం దేనికి తక్కువుందో చూస్తే తేలిపోతుంది. మూడు వరుసలు జంటగా, ఒక వరుస ఒంటిగా, ఇలా మార్చి మార్చి ఎక్కడం మధ్యస్థాయి వాళ్లకి బాగా కుదురుతుంది. పాదం సంగతి మర్చిపోవద్దు. మునివేళ్ల మీదే ఎక్కితే ముప్పై అంతస్తులకు పిక్కలు రాయి అవుతాయి. కనీసం మూడింట రెండు వంతుల పాదం మెట్టు మీద పడాలి, మడమతో నొక్కి లేవాలి.

ఒంటి మీద ఏముండాలి

బూట్లు తేలిగ్గా, అడుగు పలచగా ఉండాలి. మెత్తటి లావు సోల్ ప్రతి అడుగులోనూ కాస్త కుంగి బలం మింగేస్తుంది, మలుపులో చీలమండ వంకర పోతుంది. చేతి తొడుగులు అరచేతిలో రబ్బరు పట్టు ఉన్నవి, వేళ్ల మీద బిగుతుగా ఉండాలి. మెకానిక్‌లు వాడే సన్నరకం సరిగ్గా సరిపోతుంది. బట్టలు వీలైనంత పలచగా వేసుకోవాలి. ఐదో అంతస్తుకే మెట్ల దారి ఉక్కపోత మొదలవుతుంది, బయట ఎంత చలి ఉన్నా సరే. ఫోన్ జేబులో ఊగుతూ తొడకు కొట్టుకుంటుంది, కిందే వదిలేయండి.

వాచీ మీద ఆశలు పెట్టుకోవద్దు. లోపల జీపీఎస్ అందదు. అంతస్తులు లెక్కపెట్టే వాచీలు చాలావరకు పది అడుగుల ఎత్తును ఒక అంతస్తుగా తీసుకుంటాయి, కాబట్టి 788 అడుగుల బిగ్ క్లైంబ్ ఎక్కితే 69కి బదులు 78 చూపించొచ్చు. స్టాప్‌వాచ్, గోడ మీది అంతస్తు నంబరు, ఈ రెండే నమ్మకమైనవి. గుండె వేగానికి మణికట్టు సెన్సర్ కంటే ఛాతీ పట్టీ మేలు. రెయిలింగ్ బిగించి పట్టుకున్నప్పుడు మణికట్టు సెన్సర్ తికమకపడుతుంది.

గాలి, దగ్గు, నీళ్లు, తలుపులు

పూర్తయ్యాక నోట్లో ఇనుప రుచి, పొడి దగ్గు చాలామందికి వస్తాయి. మెట్ల దారిలో గాలి పొడిగా, దుమ్ముగా ఉంటుంది. నోటితో అంత గాలి లాగితే శ్వాసనాళాలు ఎండి మండుతాయి. సాధారణంగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. రేసుకు ముందు పది పదిహేను నిమిషాలు ఒళ్లు బాగా వేడెక్కేలా కదిలితే తీవ్రత తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, ఇన్‌హేలర్ వెంట ఉంచుకునే ఎక్కాలి. ఛాతీలో నొప్పి, పిల్లికూతలు, కళ్లు బైర్లు కమ్మడం, వీటిలో ఏది వచ్చినా ఆ ల్యాండింగ్ మీదే ఆగి వాలంటీర్‌ని పిలవాలి. ఇంకో పది అంతస్తులే కదా అనుకునే చోటు కాదది.

వాలంటీర్లు ఉండాలంటే తలుపులు తెరిచి ఉండాలి. ఫైర్ మెట్ల తలుపులు చాలా భవనాల్లో మెట్ల వైపు నుంచి తెరుచుకోవు, లోపలికొస్తే బయటికి దారి కింద మాత్రమే. మంచి రేసులో కొన్ని నిర్ణీత అంతస్తుల్లో తలుపు తీసిపెట్టి, మనిషిని, నీళ్లను, వైద్య సిబ్బందిని అక్కడ ఉంచుతారు. ఏయే అంతస్తులో ముందే చెబుతారు. ఈ ఒక్క సమాచారం ఇవ్వని రేసుకు మా మార్కులు సున్నా, మిగతావన్నీ ఎంత బాగున్నా సరే.

నీళ్ల టేబుల్ మెట్ల ల్యాండింగ్ మీద పెట్టారంటే అనుభవం లేనట్టే. కప్పులోంచి ఒలికిన నీళ్లు నున్నటి సిమెంటు మీద, సరిగ్గా ఒళ్లు తిరిగే చోట పడతాయి. తలుపు అవతల కారిడార్‌లో పెట్టాలి. అరగంట లోపు ముగిసే రేసుకు మధ్యలో నీళ్లు తప్పనిసరేమీ కాదు. నోరు తడుపుకునే ఒక గుక్క చాలు, గటగటా తాగితే తర్వాతి మెట్లలో కడుపులో కుదుపే.

సాధన గురించి కొంచెం

జిమ్‌లో తిరిగే మెట్ల మెషిన్ గుండెకు మంచిదే, పోటీకి సగం సాధనే. అందులో మలుపుల్లేవు, రెయిలింగ్ లాగితే మెషిన్ మీద వాలిపోవడమే తప్ప ఒళ్లు పైకి రాదు. పది అంతస్తుల భవనం దొరికితే ఆరుసార్లు ఎక్కి, ప్రతిసారీ లిఫ్ట్‌లో దిగడం వారానికి ఒకటి రెండు రోజులు చాలు. మెట్లు దిగడం వద్దంటున్నది బద్ధకంతో కాదు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు ఆపాలి, ఆ తర్వాత రెండు రోజులు కూర్చుని లేవడమే కష్టమవుతుంది. చివరి గట్టి సాధన రేసుకు వారం పది రోజుల ముందే ముగించాలి.

పైకి చేరాక

టైమ్ ఆపే ఫినిష్ మ్యాట్ దాటగానే కూలబడాలనిపిస్తుంది. అదే చేయకూడదు. కాళ్లు కదులుతున్నంతసేపు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరుగుతుంది, కొందరు పడిపోతారు కూడా. రెండు మూడు నిమిషాలు మెల్లగా అటూ ఇటూ నడవాలి. అందుకు చోటు ఉందా లేదా అన్నది కూడా నిర్వహణే. మ్యాట్‌కి అడుగు దూరంలో మెడల్ టేబుల్, ఫొటో బ్యానర్, లిఫ్ట్ క్యూ అన్నీ కుక్కేస్తే నడిచేదెక్కడ? ఫినిష్ ఆరుబయట డెక్ మీద ఉంటే చెమట ఒంటికి గాలి తగిలి క్షణాల్లో వణుకు మొదలవుతుంది. బ్యాగ్ కింద ఉంటుంది కాబట్టి పైన ఒక టవలో పలచటి దుప్పటో ఇచ్చేవాళ్లకు దండం పెట్టాలి.

ఏది ఎవరికి

మొదటిసారి వెళ్లేవాళ్లకు వెయ్యి లోపు మెట్లే సరి. టవర్ 42 కొలతలో 932, లేదా హజిల్ షికాగోలోని హాఫ్ క్లైంబ్ తరహాలో 816 మెట్లు. సగం దూరం అని చిన్నచూపు వద్దు, పైన ముగిసేది అదే అంతస్తులో. ఒక రేసు చేసి టైమ్ తెలిసినవాళ్లకు బిగ్ క్లైంబ్ మాకు అన్నిటికంటే నచ్చిన కొలత: మెట్టు ఎత్తు మనిషికి తగ్గట్టు ఉంటుంది, 1,311 అంటే ఓపికకు నిజమైన పరీక్షే కానీ శిక్ష కాదు. అదే కొలంబియా సెంటర్‌లో అగ్నిమాపక సిబ్బంది పూర్తి యూనిఫాం, గాలి సిలిండర్ మోస్తూ వేరే పోటీలో అవే మెట్లు ఎక్కుతారు. దాని ఫలితాల పట్టిక చూస్తే మన టైమ్ గురించి గొప్పలు చెప్పుకోబుద్ధి కాదు. ఎంపైర్ స్టేట్ రన్-అప్ 1978 నుంచి ఉన్న పేరు. లాటరీలోనో చారిటీ కోటాలోనో చోటు దొరికితే వదులుకోవద్దు కానీ, 20 సెంటీమీటర్ల మెట్టు మీద సాధన చేశాకే వెళ్లండి. షికాగో విల్లిస్ టవర్‌లో జరిగిన స్కైరైజ్ లాంటి 103 అంతస్తులు, 2,109 మెట్లు మాత్రం రెండు మూడు రేసుల అనుభవం ఉన్నవాళ్లకే.

డబ్బు కట్టేముందు నిర్వాహకులకు ఒక మెయిల్ పెట్టండి. వరుసకు ఎన్ని మెట్లు, ఏ వైపు మలుపు, మధ్యలో మెట్ల దారి మారుతుందా, ఎన్ని సెకన్లకు ఒకరిని వదులుతారు, ఏయే అంతస్తుల్లో తలుపులు తెరిచి ఉంటాయి, కిందికి ఎన్ని లిఫ్ట్‌లు. జవాబుగా మళ్లీ పోస్టర్ ఫొటోనే వస్తే, ఆ సంస్థకి విరాళం నేరుగా పంపి, కాళ్లని ఇంకో టవర్ కోసం దాచుకోండి.